తొంభై ఎనిమిది సారు

మా ప్రహ్లాద్ సారు కొలవకుండా ఏ మాటా ఒప్పుకోరు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. సంగారెడ్డిలోని మా బడిలో ఆయన సైన్సు చెప్పేవారు, నేను తెలుగు చెప్పేవాణ్ణి. అతిశయోక్తి లేకపోతే నాకు పాఠం నడవదు. అది వినపడితే ఆయనకు అన్నం సహించదు. అయినా ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర కూర్చుని టిఫిను డబ్బాలు విప్పుకున్నాం.

అందరికీ చొక్కా జేబులో కలం ఉంటే ఆయనకు థర్మామీటరు ఉండేది. సొంత జీతంతో హైదరాబాదులో కొనుక్కున్నది. బడిలో వేరేది లేదు. బస్టాండు దగ్గర హోటలు సంగయ్య వేడి వేడి చాయ్ అని గ్లాసు పెడితే, "కొలిసినవా?" అని అడిగి దాన్ని అందులో ముంచేవారు. పాదరసం ఎక్కడిదాకా లేచిందో చూసి, తలూపి, అప్పుడు తాగేవారు. ఈలోపు చాయ్ చల్లారిపోయేది. ఒకనాడు సంగయ్య ఓపిక పట్టలేక, "సారూ, గా గాజుపుల్లను కడిగినవా?" అని అడిగాడు. ఆ రోజునుంచి సారు ముందు కడిగి, తర్వాత కొలిచేవారు.

ఇంట్లోనూ ఇదే తంతు. భార్య కౌసల్యమ్మ ఎండకు ప్రాణం పోతోందంటే, వెళ్లి ఎండలో నిలబడి కొలిచి వచ్చి, నిన్నటికన్నా తక్కువే ఉందని చెప్పి తిట్లు తినేవారు. పిల్లలు కాళ్లకు మొక్కితే "నూరేళ్లు బతుకు" అని ఏనాడూ దీవించలేదు. కంటితో చూడని నూరును ఇంకొకరికి ఎలా ఇవ్వడం అని ఆయన బాధ. "ఇయ్యాల చల్లగుండు బిడ్డా" అనేవారు. తల్లులు నొచ్చుకునేవారు.

అసలు నూరంటేనే ఆయనకు పడదు. నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయని పుస్తకంలో ఉంది. సారు మాత్రం ఏటేటా పిల్లల ముందు స్టవ్ వెలిగించి, నీళ్లు మరగబెట్టి, పాదరసం తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోవడం ఒక్కొక్కరినీ పిలిచి చూపించేవారు. మన ఊరు సముద్రమట్టానికి ఎత్తున ఉంది, ఇక్కడ గాలి బరువు తక్కువ, అందుకే నీళ్లు కాస్త ముందే మరుగుతాయని చెప్పేవారు. పుస్తకం చూసి నూరని రాసినవాడికి సున్నా. అలా ఆయన తొంభై ఎనిమిది సారయ్యారు.

హెడ్మాస్టరు కిషన్‌రావు గారు ఒకసారి పరేషానై మా బల్ల దగ్గరికే వచ్చారు. పుస్తకం ఒకటి చెప్పి మీరొకటి చెబితే పిల్లలు దేన్ని సత్యమనుకోవాలని నిలదీశారు.

"రెండూ సత్యమే సార్," అన్నారు ప్రహ్లాద్ సారు. "సముద్రం ఒడ్డుకు పుస్తకం సత్యం. మన పొయ్యి మీద ఇది సత్యం. యాడ నిలవడి కొలిసినమో చెప్పకుంట నూరంటేనే అబద్ధం."

బోర్డు వాళ్లు అడిగేది నూరే కదయ్యా అంటూ హెడ్మాస్టరు తల పట్టుకుని వెళ్లిపోయారు. నేను నవ్వాను. సత్యానికి కూడా ఒక ఊరు ఉంటుందని అంత తేలిగ్గా చెప్పినవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, చెబితే ఎంతమందిని చూశారని అడుగుతారు.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ప్రయోగ పరీక్షకు, కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక పరీక్షాధికారిని పంపారు. మంచి మనిషే. పిల్లలు చీటీలు తీస్తే నీళ్లు మరిగించే ప్రయోగం ముత్యమ్మకు వచ్చింది. ఆమె తండ్రి చిన్నరాములు పటాన్‌చెరు దగ్గర కడుతున్న ఒక కార్ఖానాలో ఇటుకలు మోసేవాడు. పాసైతే టీచర్ ట్రైనింగు, తప్పితే తనతోపాటు తట్ట అని బిడ్డకు ముందే చెప్పాడు. కోపంతో కాదు, అతనికి వేరే దారి లేదు.

ముత్యమ్మ తొంభై ఎనిమిది అని రాసింది. కాగితం చూసి అధికారి ఇబ్బందిపడ్డారు. ప్రహ్లాద్ సారు ఎత్తు సంగతి వివరించారు. అదంతా తనకూ తెలుసని, కానీ పైనుంచి వచ్చిన జవాబుల్లో నూరని ఉందని, వేరే అంకెకు మార్కులు వేసే అధికారం తనకు లేదని ఆయన అన్నారు. తర్వాత మెత్తగా ఆ పిల్ల వైపు తిరిగారు.

"వంద అని దిద్దేయమ్మా. మార్కులు వేసేస్తాను."

ముత్యమ్మ కలం పట్టుకుంది గాని దిద్దలేదు. "నాకు నూరు కనవడలే సార్," అంది. కళ్లనిండా నీళ్లతో ప్రహ్లాద్ సారు వైపు చూసింది.

హాజరు డ్యూటీ మీద నేను అక్కడే ఉన్నాను. దిద్దమంటే ఆయన ఇన్నేళ్లు చెప్పిన పాఠమంతా నీటిపాలు. వద్దంటే ఆ పిల్ల నెత్తికి తట్ట. సారు తన థర్మామీటరు అందుకుని, మెల్లగా తుడిచి, అధికారికి చూపించబోతున్నట్టు చెయ్యి చాచారు. అది బండల మీద పడి పగిలింది. పాదరసం గుండ్లు గుండ్లుగా బల్లల కిందికి దొర్లిపోయింది.

చాయ్ గ్లాసుల మీద ఇన్నేళ్లు ఒక్కసారీ వణకని చెయ్యి అది. పరీక్షలో పనిముట్టు పగిలితే విద్యార్థికి ఇంకో ప్రయోగం ఇవ్వాలన్న నియమం ఆ చేతికి తెలుసు. అధికారి చాలాసేపు ఆయన మొహంలోకి చూశారు.

"చెయ్యి జారిందా మాస్టారూ?"

"పగిలింది సార్. మీరు కండ్లార చూస్తిరి గద."

అందులో అబద్ధం చుక్క కూడా లేదు. అధికారి పాత కాగితం కొట్టేసి, ముత్యమ్మ చేతికి ఒక కటకం ఇచ్చి నాభ్యంతరం కనుక్కోమన్నారు. కటకానికి ఎత్తుపల్లాలతో పనిలేదు. కాకినాడకూ సంగారెడ్డికీ ఒకటే జవాబు. ముత్యమ్మ కళ్లు తుడుచుకుని దీపం ముందు నిలబడింది.

ఫలితాలు వచ్చిన రోజు ఆ పిల్ల తండ్రిని వెంటబెట్టుకుని వచ్చి సారు కాళ్లకు మొక్కింది. పాసైంది. సారు ఆమె తలమీద చెయ్యి పెట్టారు.

"నూరేళ్లు బతుకు బిడ్డా," అన్నారు.

నేను చెవులు నమ్మలేకపోయాను. వాళ్లు గేటు దాటేదాకా ఆగి, ఆయన పక్కకు చేరి అడిగాను.

"ఏంది సారూ, నూరా? కొలిసిన్రా?"

ప్రహ్లాద్ సారు ఖాళీ జేబు తడుముకున్నారు.

"యాడ కొలుస్త పంతులుగారూ, పుల్ల పగిలిపాయె గద."