ఇచ్చోడ కొలిమిలో రాగీ ఇనుమూ

ఎర్రటి ఇనుప తుప్పునూ నల్లటి రాగి ఆక్సైడునూ కలిపి నూరి, గాలి తగిలేలా కాలిస్తే రెండు లోహాలూ ఒకే ఆక్సైడులో ఇముడుతాయి. విడిగా ఏదీ అయస్కాంతానికి అతుక్కోదు. ఈ కొత్త పదార్థం అతుక్కుంటుంది. ఇది పిల్లలకు చూపిస్తానంటే మా కరీంనగర్ కాలేజీలో రసాయనశాస్త్రం పెద్దాయన, "కొలిమి లేదు గిలిమి లేదు. చూపెట్టలేని పాఠం ఇడిచిపెట్టు" అన్నారు. ఒళ్లు మండింది. కంచరి మల్లయ్య కొలిమి ఉందని విని ఇచ్చోడకు బయలుదేరాను.

పొద్దున ఆరింటికి బస్సు. ఆర్మూరులో మారి, నిర్మల్‌లో భోంచేశాను. అన్నం నిండా రాళ్లే. ఆ దారిన వెళ్లేవారు సద్ది కట్టుకుపోవడం మంచిది. ఘాట్ రోడ్డు మీద బస్సు మొరాయించి, ఇచ్చోడ చేరేసరికి మూడు దాటింది.

నేను కలిపి నూరి తెచ్చిన పొడిలో సగం మల్లయ్య మట్టి మూసలో పోసి కొలిమిలో పెట్టాడు. చల్లారాక అయస్కాంతం చూపిస్తే ముద్ద టక్కున అతుక్కుంది. సంబరపడ్డాను. పగలగొడితే లోపల ఎర్రటి రాగి పూసలు!

"తాతా, గిండ్ల బొగ్గేసినవా?"

"ఎయ్యకుంటెట్ల సారూ? మూసల బొగ్గు బుక్కెడేసి మొక్కినంకనే మేం తిత్తి ఊదుతం."

బొగ్గు ఆక్సిజన్‌ను లాగేసుకుంది. రాగి విడిపోయి రాగిగానే మిగిలింది. అయస్కాంతానికి అతుక్కున్నది ఇనుము వంతు ఒక్కటే.

"అతుక్కున్నది గద, ఇంకేం గావాలె?" అన్నాడు మల్లయ్య.

నాకు కోపం ఆగలేదు. "విడిపోయినదాన్ని పట్టుకొని ఒక్కటైనయని పిల్లలకు అబద్ధం చెప్పాల్నా?" అని అరిచాను.

"నా కొలిమిల నా పద్ధతే నడుస్తది!" అని ఆయనా లేచాడు.

చివరికి ఆయనే పిడికెడు బొగ్గు తీసి, మూసలో వేయకుండా కొలిమి గట్టు మీద పెట్టి మొక్కాడు. మిగిలిన పొడిని మూత ఓరగా పెట్టి కాల్చాం, మధ్యలో దించి మళ్లీ నూరాం. ఆ రాత్రి ఆయన అరుగు మీదే పడుకున్నాను. తెల్లారి చూస్తే నల్లటి పొడి. నలిపి చూశాను, ఒక్క రాగి పూస కూడా లేదు. అయస్కాంతం దగ్గరికి తేగానే పొడంతా ఎగిరి అతుక్కుంది.

తిరుగు బస్సులో పక్కన గాజుల వ్యాపారి కూర్చున్నాడు. పొడి కట్టిన కాగితం పొట్లం విప్పి, అయస్కాంతం ఆనించి చూపించి, మా పెద్దాయన సంగతీ చెప్పాను.

"కమాల్ ఉంది సారూ! మీ పెద్దసారు ఖుష్ అయితడు."

"కాడు. తుప్పు చూపెట్టుటానికి గంత దూరం పోయినవా అంటడు."

"మరేం జేస్తరు?"

పొట్లం మడిచి జేబులో పెట్టుకోబోయి ఆగాను. వంద మైళ్లకు పైగా ప్రయాణం చేసి తెచ్చిన నిజాన్ని జేబులో దాచుకోవాలా?

"తరగతిల చోటియ్యకుంటే," అన్నాను, "కరీంనగర్ బస్టాండుల నిలవడి చెప్త."