ఆధారం అడగని ఆదివారం

ఆ రోజుల్లో, అంటే పాతికేళ్లయినా నిండకుండానే లోకాన్ని సరిచేసే పని నా ఒక్కడి మీదే ఉందనుకునే రోజుల్లో, నా చేతిలో ఒకే ఒక ఆయుధం ఉండేది. ఎవరేం చెప్పినా "ఆధారం ఏది?" అని అడగడం. అలా అడిగితే లోకంలోని అబద్ధాల్లో సగం అక్కడికక్కడే కూలిపోతాయని నా నమ్మకం. (ఇప్పటికీ అదే నమ్మకం. మిగతా సగం సంగతి అప్పట్లో ఆలోచించలేదు.) విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, తీరిక వేళల్లో మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి, ఆదివారం మధ్యాహ్నాలు మా చర్చావేదిక గదిలో బల్ల గుద్ది వాదించేవాణ్ణి. ఊరంతా వేలిముద్రలిచ్చి ఆధార్ కార్డుల కోసం వరసల్లో నిలబడుతున్న కాలం కదా, మిత్రులు నాకు 'ఆధార్' అని పేరు పెట్టేశారు. కోపం నటించాను గానీ, లోపల గర్వంగానే ఉండేది.

ఆ ఏడు పెద్ద తుఫాను వచ్చింది. స్తంభాలు నేలకొరిగి కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, కాలేజీ మూతపడింది. ఆ ఆదివారం చర్చావేదికకి నలుగురమే చేరాం. నేను, మా మేనత్త కొడుకు అయిన బావ, నరసన్నపేట బట్టల కొట్టువారి అబ్బాయి (వాణ్ణి అందరూ 'నరసన్నపేట' అనే పిలిచేవారు), పాస్టరు గారమ్మాయి. బావది భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊరే. గాలి అతని పడవని ఎత్తి సరుగుడు తోటలోకి విసిరేసింది. చేపల వేటకి వెళ్లే దారి లేక నా గదికి వచ్చి, నా వెంట చర్చకి కూడా వచ్చాడు. పాస్టరు గారమ్మాయి విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివి ఇంటి దగ్గరుండి ఉద్యోగం వెతుక్కుంటోంది. 'ప్రార్థన వల్ల ప్రయోజనం ఉందా?' అన్న చర్చలో నన్ను నిలబెట్టి ఓడించిన ఏకైక వ్యక్తి ఆమే. అందుకని ఆమె ఎప్పుడొస్తుందా అని నేను గుమ్మం వైపే చూస్తూ ఉండేవాణ్ణి. (ప్రతీకారం కోసమే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.)

"వాదించుకోడానికి నలుగురం ఏటి సరిపోతాం? ఆడుకుందాం" అంటూ ఆమె సంచిలోంచి ఊదారంగు పాచిక ఒకటి తీసింది. దానికి ఇరవై ముఖాలు. హాస్టల్లో సీనియర్లు నేర్పిన ఆటట. బావ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఏటమ్మా ఇది, నేరేడుపండునాగున్నాదీ?" అన్నాడు. బల్ల మీద గళ్ల బోర్డు లేదు, పావులు లేవు. ఆమె కథ చెబుతుంది, మనం అందులో మనుషులం. ఎదురైన దానికి ఏం చేస్తామో మనమే చెప్పాలి. చేయబోయింది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గెలుపు, చిన్నది పడితే అంతే సంగతులు. బావ వీరుడి వేషం తీసుకుని, దానికి చనిపోయిన తాత పేరు నూకరాజు అని పెట్టుకున్నాడు. నరసన్నపేట దొంగ వేషం కోరుకున్నాడు. ("కొట్లో ఎలాగూ నిజాయితీగానే ఉండాల గదా" అని వాడి సమర్థన.) ఇక మిగిలింది గాయాలు మాన్పే పూజారి.

"నేనా! పూజారినా!" అని లేచి నిలబడ్డాను. నా వెనక గోడ మీద ఎర్ర రంగుతో 'ప్రశ్నించు' అని మేమే రాసుకున్న అక్షరాలు ఉన్నాయి.

"నువ్వు కాకపోతే ఎవులకి దెబ్బ తగిలినా సచ్చిపోతారు" అంది ఆమె.

"సరే, పూజారిగా ఉంటాను. కానీ దేవుణ్ణి నమ్మను."

"అలాటోలు బయట కూడా ఉన్నార్లే. కానీ నా ఆటలో మాత్రం మంత్రం పన్జెయ్యదు. కెరటాల దేవరకి నోరు తెరిచి, నీ సొంత మాటల్తో మొక్కాల. అప్పుడే పాచిక."

నేను మొక్కలేదు. వారాల తరబడి నా పూజారి కట్లు కట్టాడు, పసుపు అద్దాడు, శుభ్రత మీద ఉపన్యాసాలిచ్చాడు. గుహలో డ్రాగన్ ఉందని ఆమె చెప్పినప్పుడు, నా అలవాటు కొద్దీ ఆధారం ఏదని అడిగాను. ఆమె తాపీగా పాచిక వేసి, "నీ కనుబొమలు కాలిపోయాయి. ఇదే ఆధారం" అంది. అంతలో బావ ముందుకి ఒంగి, "నాను వలేస్తన్నాను" అన్నాడు. డ్రాగన్ మీద వలేమిటని మేం నవ్వితే, "పొలుసులున్నాయని ఆవే సెప్పింది గదా! పొలుసులున్నాదాన్ని వలేసి కాకపోతే దేంతో పడతారు?" అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. పాచిక కూడా ఒప్పుకుంది. ఆ రోజు మేం నవ్విన నవ్వుకి గది కింద కొట్లో ఉండే టైలరు పైకొచ్చి, చర్చ ఏ విషయం మీదని అడిగి వెళ్లాడు. చర్చల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఓడి ఇంటికి వెళ్లేవారు. ఈ ఆటలో నలుగురం కలిసి గెలిచేవాళ్లం, లేదా నలుగురం కలిసి పారిపోయేవాళ్లం. కరెంటు వచ్చింది, ఫోన్లు పలికాయి, కాలేజీ తెరిచారు. అయినా ఆదివారం మధ్యాహ్నం వస్తే మేం ఆ బల్ల చుట్టూనే ఉండేవాళ్లం.

పడవ మాత్రం బాగుపడలేదు. ఒక ఆదివారం బావ వచ్చి కూర్చుంటూనే, "రేపు వేరావల్ ఎల్లిపోతన్నాను. గుజరాత్ బోట్లో పని దొరికింది" అన్నాడు. మావైపు కుర్రాళ్లు చాలామంది అలా వెళ్లి నెలల తరబడి అక్కడి సముద్రం మీద ఉండేవారే. అయినా గది ఒక్కసారిగా చిన్నదైపోయినట్టనిపించింది. చివరి ఆట కదా అని ఎవరూ అనలేదు, అందరం మామూలు కంటే గట్టిగా మాట్లాడాం. ఆ హడావిడిలోనే మరో డ్రాగన్ తోక విసిరితే నూకరాజు కొండ మీంచి సముద్రంలో పడ్డాడు. తన వలే తన కాళ్లకి చుట్టుకుంది. మునిగిపోతున్నాడు. పూజారి తప్ప కాపాడేవాళ్లు లేరు.

బావ ముఖం చూశాను. నవ్వు లేదు. "ఒరే, మా తాత పేరెట్టుకున్నోడు నీల్లల్లో పోతే, రేపు నాను రైలెక్కను" అన్నాడు.

నేను ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను. "బావా, ఇది ఒట్టి మూఢనమ్మకం."

"కాదని నానన్నానేటి? మూఢనమ్మకవే. కానీ రేపు బోటెక్కీది నాను గదా, నువ్వు కాదు గదా!"

అతను రైలెక్కకపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది. మా అత్త ఇంట్లో పొయ్యి దాని మీదే ఆధారపడి ఉంది. కథ మార్చేద్దామని నరసన్నపేట గొణిగాడు. బావ తల అడ్డంగా ఊపాడు. "దొంగాట ఒద్దు." పాస్టరు గారమ్మాయి పాచిక నా అరచేతిలో పెట్టింది. నేను 'ప్రశ్నించు'కి వీపు తిప్పి నిలబడి, కళ్లు మూసుకున్నాను. వ్యాసాల భాష ఒక్క ముక్క రాలేదు. మా ఇంటి భాష వచ్చింది. "దేవరా, నువ్వు లేవనే నా వాదన. ఆ వాదన తర్వాత సూసుకుందాం. ముందు మా బావని ఒడ్డుకి సేర్చు."

నూకరాజుని అనాలి. మా బావని అన్నాను. ఎవరూ నవ్వలేదు.

పాచిక వేశాను. అది బల్ల మీంచి దూకి, దొర్లుకుంటూ పుస్తకాల బీరువా కిందకి పోయింది. (అవన్నీ హేతువాద గ్రంథాలే.) ఆమె నేల మీద బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసి కిందకి చూసింది. చాలాసేపు చూసినట్టు నాకనిపించింది. తర్వాత చెయ్యి చాపి పాచికని గుప్పిట్లోకి తీసుకుని, లేచి దుమ్ము దులుపుకుంది. "బతికీసాడు. ఒడ్డున పడున్నాడు" అంది.

ముగ్గురూ నావైపే చూశారు. నా నోట్లోంచి రావలసిన ప్రశ్న ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. నేను నోరు విప్పలేదు.

మర్నాడు బావ రైలెక్కాడు. క్షేమంగా తిరిగొచ్చాడు కూడా. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఏ వేదిక మీదైనా వాదిస్తాను. కానీ అతను వచ్చేసరికి పాస్టరు గారమ్మాయి ఉద్యోగమొచ్చి చెన్నై వెళ్లిపోయింది, నరసన్నపేట వాళ్ల కొట్లో కూర్చున్నాడు, మా చర్చావేదిక గది వేరేవాళ్లకి అద్దెకి పోయింది. నలుగురం ఒక బల్ల దగ్గర మళ్లీ కూర్చోనే లేదు. ఆ అమ్మాయికి నేను చెప్పకుండా ఉండిపోయిన సంగతి ఒకటుంది. దానికి ఆధారాలు బోలెడున్నా చెప్పలేదు.

బావ మాత్రం వేట నిషేధం రోజుల్లో ఊరొచ్చినప్పుడల్లా అడుగుతాడు, "మా నూకరాజు ఏటి సేస్తన్నాడ్రా?" అని.

"ఒడ్డున పడుకునే ఉన్నాడు బావా."

"నిద్దర నేపకు. నలుగురం ఉన్నప్పుడు నేపుదుం."

అలాగేనంటాను. ఆ ఒడ్డున నూకరాజు పక్కన, కాలిపోయిన కనుబొమలతో, చేతులు జోడించుకుని ఒక కుర్ర పూజారి ఇంకా నిలబడి ఉంటాడు. నిజానికి అతనికి బోలెడు వ్యాసాలు రాయాల్సి ఉంది, ఎందరినో ఓడించాల్సి ఉంది. చేతులు దించమని నేనెప్పుడూ చెప్పలేదు.