పళ్లు లెక్కపెట్టని ఆక్సిల్

2003 జూన్‌లో నన్ను ఖమ్మం నుంచి కొత్తగూడెంలోని మా కంపెనీ వర్క్‌షాపుకు సర్వీస్ ఇంజనీరుగా బదిలీ చేశారు. చేరిన వారంలోనే ఒక పాత స్పోర్ట్స్ కారు గొడవ నా నెత్తిన పడింది.

రెండు సీట్ల ఇంగ్లీషు బండి. యజమాని కాంట్రాక్టరు. ప్రతి శనివారం భద్రాచలం వెళ్లివచ్చేవాడు. నడిపేది ములకలపల్లి బుచ్చయ్య. నేను రావడానికి మూడు నెలల ముందు మా షాపులోనే దాని వెనక ఆక్సిల్ విప్పి బిగించారు. అప్పటినుంచి లీటరుకు వచ్చే కిలోమీటర్లు తగ్గాయి. పెట్రోలు బుచ్చయ్యే కొట్టేస్తున్నాడని యజమాని తేల్చేశాడు. గుళ్లో చేత్తో కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించాడు. బుచ్చయ్య చేశాడు. అయినా యజమానికి నమ్మకం కుదరలేదు. ఇంజన్‌లో లోపం లేదని మేం రాసిస్తే బుచ్చయ్యను పోలీసులకు అప్పగిస్తానన్నాడు.

ఇంజన్‌లో నిజంగానే లోపం లేదు. సంతకం పెట్టి పంపెయ్యమని మా మేనేజరు తొందరపెట్టాడు. పక్కనే నిలబడ్డ బుచ్చయ్య నాతో అన్నాడు: "మూడు నెలల సంది చెప్తున్న సార్, టాప్ గేర్ల బండి గుంజుతలేదని. ఎవ్వలు ఇంటలేరు."

ఆ మాటతో పెన్ను జేబులో పెట్టేశాను. ఇంజన్ బాగుండి టాప్‌లో లాగకపోతే ముందు చూడాల్సింది ఆక్సిల్ రేషియో, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి, గేర్‌బాక్స్ నుంచి ఆక్సిల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలన్న లెక్క. ఈ బండికి ఫ్యాక్టరీ ఇచ్చింది 4.1. ఆక్సిల్ లోపలి పెద్ద పళ్లచక్రం క్రౌన్‌కు నలభై ఒక్క పళ్లు, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్‌కు పది. వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, షాఫ్ట్ మీద సుద్దతో గీత గీశాం. ఒక చక్రం నేను, రెండోది బుచ్చయ్య పట్టుకొని సమంగా పది చుట్లు తిప్పాం. మెకానిక్ ఖాదర్ భాయ్ షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాడు. నలభై ఒకటి రావాలి. ముప్పై ఏడే వచ్చాయి. లోపల వేరే పళ్లు పడ్డాయి, అందుకే టాప్‌లో లాగడం లేదు.

కిలోమీటర్ల మీటరు కేబుల్ చక్రం నుంచి రాదు, గేర్‌బాక్స్ నుంచి వస్తుంది. షాఫ్ట్ తక్కువ తిరిగితే మీటరూ తక్కువే చూపిస్తుంది. బండి నూరు కిలోమీటర్లు పోతే మీటరులో తొంభైయే పడింది. మిగతా పదికి కాలిన పెట్రోలంతా బుచ్చయ్య ఖాతాలో దొంగతనమైంది.

మేనేజరును నిలదీశాను. అసలు పళ్లచక్రాలు దొరక్క హైదరాబాద్ స్క్రాప్‌లో దొరికినవి వేయించాడట. జాబ్ కార్డులో మాత్రం "ఒరిజినల్" అని రాసింది ఆయనే. "బండి నడుస్తనే ఉంది గద, నీకేం నొప్పి?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అన్నీ తెలిసి కూడా ఒక మనిషిని కర్పూరం దాకా పంపించి ఊరుకున్నాడు! పది నిమిషాల్లో సుద్దముక్క తేల్చే సంగతికి దేవుణ్ణి సాక్షికి పిలవాలా?

యజమానిని పిలిపించి, ఆయన కళ్లముందే మళ్లీ పది చుట్లు తిప్పి చూపించాను. ఆయన బుచ్చయ్య మొహం కూడా చూడలేదు. "సరే తియ్, రేపటి సంది ఎప్పటి లెక్కనె డ్యూటీకి రా" అన్నాడు.

బుచ్చయ్య బండి తాళాలు బానెట్ మీద పెట్టాడు. "చెయ్యి కాల్చుకుంటె నమ్మకపోతిరి సార్. ఇనుప పళ్లు చెప్తె నమ్మిన్రా?" అని, బస్టాండు వైపు నడిచిపోయాడు.

రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. ఆక్సిల్ విప్పితే పళ్లు స్వయంగా లెక్కపెట్టాలి, వచ్చిన అంకె కార్డులో రాయాలి, బండి నడిపేవాడికి ఆ సంగతి చెప్పాలి. మొదటి రెండింటికీ జాబ్ కార్డులో గళ్లు ఉంటాయి. మూడోదానికి నేను చూసిన ఏ కార్డులోనూ గడి లేదు.