ఉప్పునీళ్ళ కుండ

నా చిన్నప్పుడు సిరిసిల్లలో నాటకానికి వెలుతురు పెంచాలన్నా తగ్గించాలన్నా ఉప్పునీళ్ళు కావాల్సి వచ్చేవి. మా మేనమామ రోజూ మరమగ్గాలు బాగుచేసేవాడు. వాటిని మేం సాంచాలంటాం. బడిలో పాటల నాటకం పెట్టినప్పుడు మాత్రం లైట్ల పని ఆయనదే. తెర పక్కన ఒక కుండలో ఉప్పునీళ్ళు పోసి, అడుగున ఒక రేకు పెట్టి, పైన ఇంకో రేకును తాడుతో వేలాడదీసి, రెండింటికీ వైర్లు కలిపేవాడు. తాడు వదిలితే రేకు నీళ్ళలోకి దిగి లైటు పెరిగేది, లాగితే తగ్గేది. రబ్బరు చెప్పులతో చెక్క మీద నిలబడి, "దగ్గరికస్తే కాళ్ళిరగ్గొడ్త" అని మమ్మల్ని బెదిరించేవాడు.

ఏడో తరగతిలో నాకు ఆ నాటకంలో పాట దొరికింది. ఆడపిల్ల స్టేజీ ఎక్కడం మా బాపుకు ససేమిరా ఇష్టం లేదు. మామ బతిమాలగా బతిమాలగా, "సరే తీ. నలుగురు నవ్విండ్రంటే మాత్రం గిదే ఆఖరు" అన్నాడు. నెల రోజులు ఇంట్లో అందరి చెవులూ చిల్లులు పడేలా పాడాను. నన్ను మించిన గొంతు సిరిసిల్లలోనే లేదనుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం హాలు కిటికీలకు సాంచాల గుడ్డ కట్టి చీకటి చేశారు. బాపు ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొదటి చరణం బాగానే పాడాను. రెండోది గుర్తు రాలేదు. హార్మోనియం సారు మళ్ళీ ఎత్తుకున్నా రాలేదు. వెనకెవరో కిసుక్కుమన్నారు. నేను బాపు మొహం వంకే చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు లైటు తగ్గడం మొదలైంది. పొద్దు గూకినట్టు మెల్లమెల్లగా తగ్గింది. ఇదీ నాటకంలోదే అనుకుని జనం నవ్వడం మానేశారు. అక్కడ తాడు లాగాలని మామకు ఎవరూ చెప్పలేదు. బాపు మొహం కనబడకపోయేసరికి నాకు ఊపిరాడింది, కాసేపటికి చరణం కూడా గుర్తొచ్చింది. సన్నగా ఎత్తుకున్నాను. నా గొంతు పెరిగినకొద్దీ లైటూ పెరిగింది.

నాటకం అయిపోయాక మామ దగ్గరికి వెళ్ళి, "పాట మర్చిపోయిన మామా" అని ఏడ్చాను.

"గది నాకెరుక, నీకెరుక, గీ కుండకెరుక. మీ బాపుకెందుకు?" అన్నాడు వైర్లు చుట్టుకుంటూ.

ఇంటికి నడుస్తుంటే బాపు, "పాట మధ్యల గా చీకటి మస్తు పెట్టిండ్రు బిడ్డా" అన్నాడు. మరుసటి ఏడాదీ పాడాను.

ఇప్పుడు జగిత్యాలలో మా మనవరాలి బడిలో లైట్లను ల్యాప్‌టాప్ మీద వేలితో తగ్గిస్తున్నారు. నేను మాత్రం కోరుట్లలో పంతులమ్మగా పనిచేసినన్నాళ్ళూ, పాఠం అప్పజెబుతూ ఏ పిల్ల తడబడినా, బోర్డు తుడవడానికి వెనక్కి తిరిగేదాన్ని. బోర్డు మీద ఒక్క అక్షరం లేకపోయినా, ఆ పిల్ల గొంతు మళ్ళీ వినబడేదాకా తుడుస్తూనే ఉండేదాన్ని.