ఓడిన మర్నాడు ఇండియానాపోలిస్‌లో

ఎనభైల మధ్యలో మేం అమెరికాలో, షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్లం. ఇంటికి దగ్గరలోని టెన్నిస్ క్లబ్బులో ఏటా ఒక చిన్న టోర్నమెంటు జరిగేది. ఆడడానికి వచ్చే అమ్మాయిలందరికీ హోటలు ఖర్చు భరించే స్తోమత ఉండదు కనుక, ఖాళీ గది ఉన్నవాళ్లు ఒక్కొక్కరిని వారం పాటు ఇంట్లో పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆదివారాలు రాకెట్ పట్టుకుని తిరిగే మా ఆయన, నన్నొక్క మాట అడక్కుండా మా పేరు ఇచ్చేసి వచ్చాడు. అలా వచ్చింది అంకా. రొమేనియా దేశస్థురాలు, ముప్పైకి దగ్గరపడిన మనిషి, భుజాన రాకెట్ల సంచి, మోకాలి మీద ఆపరేషన్ మచ్చ. రెండో రోజుకే మా ఆయన ఆమెను అంకమ్మను చేసేశాడు. మా కడప వైపు ఆ పేరు వీధికొకరికి ఉంటుంది.

ఏం వండిపెట్టాలో తెలియక బెంబేలెత్తిపోయాను. "మా ఇంట్లో మొక్కజొన్న పిండి ఉడికించి ముద్ద చేస్తారు" అంది. అంటే సంకటే కదా! అమెరికన్ కొట్లో మొక్కజొన్న రవ్వ దొరుకుతుంది, గిన్నె నిండా కెలికి ముందు పెట్టాను. ఆమె సంచిలోంచి రాకెట్‌కి అల్లే స్ట్రింగ్ ముక్క తీసి, శుభ్రంగా కడిగి, దాంతో ముద్దను ముక్కలుగా కోసింది. వాళ్ల పద్ధతి అదేనట. మా అమ్మమ్మ చూసి ఉంటే సంకటిని దారంతో కోయడమేమిటని నోరెళ్లబెట్టేది. పెరుగు వేసుకుని మాత్రం అచ్చం మాలాగే తింది.

క్లబ్బు టోర్నమెంటులో మొదటి రౌండులోనే ఓడిపోయింది. తర్వాతది ఇండియానాపోలిస్‌లో, ఇంకాస్త పెద్దది. బస్సులో వెళ్తానంటే మా ఆయన ఒప్పుకోలేదు, శుక్రవారం పొద్దున ముగ్గురం కార్‌లో బయల్దేరాం. టోల్ బుట్టల్లో చిల్లర విసురుకుంటూ షికాగో దాటి అరవై అయిదో నంబరు హైవే పట్టుకుంటే, ఇక అటూ ఇటూ మొక్కజొన్న చేలే. మధ్యలో కాఫీకి ఆగినా నాలుగున్నర గంటల్లో చేరాం. ఆ రోజుల్లో ఇండియానాలో వేసవికి గడియారం మార్చేవాళ్లు కాదు, షికాగో టైమే సరిపోయేది. ఇప్పుడు వెళ్తే ఒక గంట పోతుంది, చూసుకోండి. ఊరి చివర మోటెల్ గది ముప్పై డాలర్లు.

దారిలో ఆమె తన కథ చెప్పింది. డెబ్భైల చివర్లో తొలిసారి అమెరికా వచ్చినప్పుడు పెద్ద పేరున్నవాళ్లను ఇద్దరిని ఓడించిందట. డబుల్స్‌లో ఫైనల్స్ ఆడింది. తర్వాత మోకాలు దెబ్బతింది, ఏడాదిపైగా ఆట లేదు, ర్యాంకు పడిపోయింది.

"ఇక్కడ మెయిన్ డ్రాలో ఒక్క మ్యాచ్ అయినా ఆడాలి. లేకపోతే వచ్చే ఏడు మా టెన్నిస్ సంఘంవాళ్లు నన్ను దేశం బయటికి పంపరు. నా బదులు చిన్నపిల్లను పంపుతారు" అంది.

"ఇక్కడే ఉండిపోవచ్చు కదా?" అన్నాను, ఉండబట్టలేక.

"ఉండిపోతే మా కమ్యూనిస్టు సర్కారు మళ్లీ ఇంటికి రానివ్వదు. నాకు ఇల్లూ కావాలి, ఆటా కావాలి."

 

మెయిన్ డ్రాకి, అంటే అసలు పోటీకి, ముందు అర్హత పోటీలు ఉంటాయి. శనివారం ఒకటి గెలిచింది. ఆదివారం, గెలిస్తే చాలనుకున్న చివరి మ్యాచ్, తన వయసులో సగానికి కాస్త ఎక్కువున్న పిల్ల చేతిలో ఓడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన కార్ తాళాలు తీశాడు.

"పోనీలే అంకమ్మా. ఇంటికి పోదాం పా. మంగళవారం నీ ఫ్లైట్‌కి డ్రాప్ చేస్తా."

"రేపు ఒక్క రోజు ఆగండి. ఎవరైనా తప్పుకుంటే నన్ను పిలుస్తారు" అంది.

అర్హత పోటీల చివరి రౌండులో ఓడినవాళ్లకు ఆ అవకాశం ఉంటుందట. లక్కీ లూజర్ అంటారు. వరుసలో ఈమెదే మొదటి పేరు. మా ఆయన తను పనిచేసే హాస్పిటల్‌కి ఫోన్ చేసి సోమవారం డ్యూటీ మార్పించుకున్నాడు.

సోమవారం టికెట్ ఎనిమిది డాలర్లు. మేం వెళ్లేసరికి అంకా చెమటోడుస్తూ ప్రాక్టీస్ చేస్తోంది, ఆ రోజు తన మ్యాచే ఉన్నట్టు. తర్వాత అధికారుల బల్ల పక్కన బెంచీ మీద కూర్చుంది. ప్రతి మ్యాచ్‌కీ ముందు లేచి, మోకాలికి పట్టీ బిగించి, ఒళ్లు వేడెక్కేదాకా గెంతేది. ఆడేవాళ్లిద్దరూ కోర్టులోకి వెళ్లాక పట్టీ వదులు చేసి మళ్లీ కూర్చునేది. ఇలా పొద్దుటి నుంచీ! మొదట చూడలేకపోయాను. మధ్యాహ్నానికి కళ్లు తిప్పుకోలేకపోయాను. గెలిచినవాళ్లు చాలామందిలో శ్రద్ధ చూశాను గానీ, ఓడినవాళ్లలో అంత శ్రద్ధ అంతకుముందు ఎరగను.

"ఎవరో ఒకరికి కడుపునొప్పి రావాలని మొక్కుకుంటున్నా" అన్నాను నెమ్మదిగా.

అంకా కసురుకుంది. "అలా అనుకోకూడదు. నా పని తయారుగా ఉండడం. అంతే."

బల్ల దగ్గరున్న పెద్దావిడ జాలిపడి నిమ్మరసం ఇచ్చింది. "ఇంకొక్క మ్యాచే మిగిలింది హనీ, అందరూ వచ్చేశారు" అని చెప్పింది. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇంగేముంది, పోదాం పామ్మే. నాలుగు గంటలు డ్రైవ్ చెయ్యాల."

అంకా అప్పటికే పట్టీ బిగించుకుంటోంది.

ఆమె గెంతుతూ ఉండగానే లోపలి నుంచి ఒకాయన పరుగున వచ్చి పెద్దావిడ చెవిలో ఏదో చెప్పాడు. ఆడాల్సిన అమ్మాయికి భుజం పట్టేసిందట. పెద్దావిడ తల తిప్పి, "అంకా, నువ్వు వెంటనే కోర్టుకి వెళ్లగలవా?" అంది. అడగాల్సిన ప్రశ్నేనా అది! సంచి ఎత్తుకుని వెళ్లిపోయింది, మావైపు చూడను కూడా లేదు. మైకులో ఆమె పేరూ దేశం పేరూ చదివినప్పుడు మా ఆయన ఈల వేశాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మొదటి సెట్ గెలిచింది, మూడో సెట్ దాకా పోరాడి ఓడింది. కుంటుతూనే నవ్వుకుంటూ వచ్చింది. ఆడాల్సిన ఆ ఒక్క మ్యాచ్ ఆడేసింది. మరుసటి వేసవిలో న్యూయార్క్ ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ వచ్చింది. "మళ్లీ పంపారు. మీ గది ఖాళీయేనా?"

ఆ తర్వాత పెద్ద పెద్ద స్టేడియాల్లో ఆట చూశాను, కప్పులెత్తిన వాళ్లనీ చూశాను. వాళ్ల పేర్లలో సగం మరిచిపోయాను. అంకా కప్పు ఎత్తడం నేను చూడలేదు. అయినా ఆమెను తలుచుకుంటే, చేజారిందనుకున్న పనికి మళ్లీ పొద్దున్నే లేచి తయారవ్వాలనిపిస్తుంది. నాకు తెలిసిన గొప్ప క్రీడాకారిణి ఆమే. అలాంటి టోర్నమెంటుకి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: టోపీ, నీళ్లు పెట్టుకుని మొదటి రౌండు రోజునే వెళ్లండి, టికెట్టూ చవక, ఆటగాళ్లూ దగ్గరగా కనిపిస్తారు. అధికారుల బల్ల పక్కన ఎవరైనా మ్యాచ్ లేకుండానే ముస్తాబై కూర్చుని ఉంటే మాత్రం, చివరి ఆట మొదలయ్యేదాకా కార్ తియ్యకండి.