నడుముకు కట్టిన బుట్ట

ఫుసయేకి ఇరవై రెండేళ్లప్పుడు నిషిబొరి వారి పోటీ తోటలో, టీ పోటీలకి పంపే ఆకు కోయడానికి మొదటిసారి పిలుపు వచ్చింది. ఇప్పుడు డెబ్బై నాలుగు. భర్త పోయిన ఏడు తప్ప ఏ వసంతమూ మానలేదు. ఊళ్లో ఆమెను ఫలానా వారి భార్య అనో, ఫలానా సందులో ఆవిడ అనో ఎవరూ అనరు. మొదటి వరస ఫుసయే అంటారు. తోటలో మొదటి వరస ఆమెది. ఆమెకి పొలం లేదు, పిల్లలు లేరు. ఆ వరస ఉంది.

తోట చిన్నది. ఉజి నది ఒకప్పుడు మేట వేసిన నేల. చుట్టుపక్కల తోటలన్నిటి మీదా ఇప్పుడు నల్లని నైలాన్ గుడ్డ కప్పుతున్నారు, యంత్రంతో కోస్తున్నారు. ఈ ఒక్క తోటకే ఇంకా వెదురు పందిరి వేస్తారు. చిగురు విచ్చుకోగానే పందిరి మీద రెల్లు తడకలు పరుస్తారు. పది రోజులాగి మగవాళ్లు పైకెక్కి తడకల మీద వరిగడ్డి చల్లుతారు. కొన్నాళ్లకు మళ్లీ చల్లుతారు. కోత నాటికి లోపలికి అడుగుపెట్టిన మనిషికి ఎదుటివారి ముఖం ఆనడానికి కాస్త సేపు పడుతుంది. వెలుగు చాలక ఆకు వెడల్పవుతుంది, పలచబడుతుంది, రంగు ముదురుతుంది. ఎండ తగిలి ఉంటే చేదుగా మారవలసింది నీడలో కమ్మగా మిగిలిపోతుంది. చెట్టుకి అది కష్టం. అందుకే ఏడాదికి ఒక్కసారే కోస్తారు. కోసిన వెంటనే మోకాలి ఎత్తుకు నరికి, మిగతా ఏడాదంతా ఎండకి వదిలేస్తారు.

కోతకి గోరు తగలకూడదు. చిగురుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని వంచితే దానంతటది పుటుక్కున విరగాలి. గోరు పడిన చోట ఆకు ఎర్రబడుతుంది. ఇది చేతికి వారం రోజుల్లో వస్తుంది. రెండోది రావడానికి ఏళ్లు పడుతుంది. లేత ఆకు తడిగుడ్డ లాంటిది, పక్కన ఏ వాసన ఉంటే ఆ వాసన పీల్చుకుంటుంది. కోత వారంలో ఫుసయే వెల్లుల్లి ముట్టదు, ఇంట్లో చేప కాల్చదు. తలకి నూనె పెట్టదు. భర్త పటం ముందు అగరవత్తి కూడా వెలిగించదు, వారం పోయాక వెలిగిస్తానని చెప్పి నీళ్లు మాత్రం పెడుతుంది. కోత బట్టలు మూడు రోజుల ముందే పెట్టెలోంచి తీసి గాలికి ఆరేస్తుంది.

నిషిబొరి వారింట్లో ఎవరినీ రావద్దని చెప్పరు. ఏప్రిల్‌లో ఫోను మోగదు, అంతే. పోయినేడు సుమికో అనే ఆవిడ కింది కొమ్మకి వంగి, లేవడానికి పక్క చెట్టు పట్టుకుంది. కొమ్మ విరిగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఈ ఏడు ఆమెకి ఫోను రాలేదు. ఏప్రిల్ అంతా ఆవిడ ఇల్లు కదలకుండా కూర్చుందని చెప్పుకున్నారు.

ఫుసయే జనవరిలో గుమ్మం ముందు మంచు మీద జారింది. ఎముక విరగలేదు గానీ నడుము పట్టేసింది. డాక్టరు నొప్పి పట్టీలు ఇచ్చాడు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పట్టీ వేస్తే ముందు చల్లగా, తరవాత వెచ్చగా ఉంటుంది. గంటలో మనిషి మనిషవుతుంది. పట్టీ నిండా ముద్దకర్పూరం, పిప్పరమెంటు. చలికాలమంతా ఆమె వాటి మీదే నడిచింది.

ఏప్రిల్‌లో ఫోను వచ్చింది. వస్తానంది.

కోతకి నాలుగు రోజుల ముందు పట్టీ మానేసి చూసింది. మొదటి రోజు ఓర్చుకుంది. రెండో రోజు బియ్యం కడుగుతూ సింకు పట్టుకుని నిలబడిపోయింది. మూడో రోజు పెరట్లో పీట ముందు వంగి, లేచి, మళ్లీ వంగింది. పది సార్లకి కళ్ల ముందు నల్లబడింది. కింది కొమ్మలకి కోత రోజు కొన్ని వందల సార్లు వంగాలి. సుమికో పట్టుకున్న కొమ్మ గుర్తొచ్చింది. ఫోను చేసి ఒంట్లో బాగాలేదని చెప్పవచ్చు. అలా చెప్పిన వాళ్లని మరుసటి ఏడు పిలిచిన దాఖలా ఆమె ఎరగదు.

కోత రోజు పొద్దున ఒక పట్టీని కత్తెరతో సగానికి కోసింది. ఆ సగం నడుముకి అంటించి, పైన నూలుగుడ్డ నాలుగు చుట్లు బిగించి, ఆపైన లోచొక్కా, పైచొక్కా, ఏప్రన్ వేసుకుంది. తలుపులన్నీ తెరిచి పెరట్లో కాసేపు నిలబడి లోపలికి వచ్చి, తన ఒంటి వాసన తనే చూసుకుంది. ఏమీ లేదు. నాలుగు నెలలుగా ఆ వాసనలోనే నిద్రపోయి, ఆ వాసనలోనే లేచిన ముక్కది. ఆ సంగతి ఆమెకి తట్టలేదు.

తోటలో ఇరవై ముగ్గురు ఆడవాళ్లు. లోపల చల్లగా ఉంది. గడ్డిలోంచి దిగే కాస్త వెలుగులో అందరి ముఖాలూ పచ్చగా ఉన్నాయి. ఫుసయే పక్క వరసలో చిహారు అనే అమ్మాయి. ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్లే, అక్కడి లెక్కకి అమ్మాయే. బడి వంటశాలలో గిన్నెలు తోముతుంది, సెలవు పెట్టి వచ్చింది. ఇది రెండో ఏడు. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది. అవతలి వరస మిత్సుయోది. ఆవిడా ఫుసయే ఈడుదే.

మిత్సుయో కొమ్మల మీదుగా తొంగి చూసింది. "ఏమ్మాయ్, ఆకు కోస్తున్నావా, పెళ్లికూతురికి జడ వేస్తున్నావా? మీ ఆయనకి పొద్దున్నే తిండైనా పెట్టొచ్చావా, ఇలాగే ఒక్కో మెతుకూ ఏరి పెట్టావా?"

"చెయ్యి తొందరపడితే గోరు తగులుతోంది పెద్దమ్మా," అంది చిహారు నవ్వుతూ.

"తగలనీ. ఫుసయే చూసిందంటే ఆ వేలు కోసి మందారం కొమ్మకి అంటు కడుతుంది."

ఫుసయే చిహారు బొటనవేలు పట్టుకుని కాస్త పక్కకి తిప్పి, దానితోనే ఒక చిగురు విరిచి చూపించింది. ఆ తరవాత అమ్మాయి చెయ్యి సాగింది. పట్టీ పనిచేస్తోంది. ఫుసయే నడుము వంగుతోంది, లేస్తోంది. ఆమె వరసలో ఒక్క ఈనె కూడా చీలలేదు. ఇంకా రెండేళ్లు, మూడేళ్లు చేయగలననుకుంది.

పదయ్యేసరికి గాలి ఆగిపోయింది. గడ్డి కింద ఉక్కపోసింది. కింది కొమ్మలకి వంగినప్పుడల్లా ఫుసయే నడుముకు కట్టిన బుట్టని వెనక్కి తోసుకుంటుంది, ఎప్పటి అలవాటో. చెమటకి, బుట్ట ఆనిన చోట నూలుగుడ్డ తడిసింది. బుట్ట నిండినప్పుడల్లా మిత్సుయో వచ్చి, నువ్వుండు, నేనెటూ వెళ్తున్నాను కదా అని తీసుకుపోయింది. చావట్లో చాప మీద అందరి ఆకూ ఒక్కచోటే పోస్తారు. వేడెక్కకుండా చేత్తో ఎగదోసి కలుపుతారు. కలిశాక ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

ఆవిరి దగ్గర ఎప్పుడూ యజమాని నిషిబొరే నిలబడతాడు. కోసిన ఆకుని ఆ రోజే ఆవిరి పట్టాలి, లేకపోతే వాడి పులుస్తుంది. అర నిమిషం పని. ఎప్పుడు తీయాలో గడియారం చూసి కాదు, ముక్కుతో తెలుసుకుంటాడు. పచ్చి వాసన పోయి, సముద్రపు నాచు లాంటి తియ్యటి వాసన లేవగానే తీసేస్తాడు. ఆ రోజు మూత తీశాడు, ముఖం వెనక్కి లాక్కున్నాడు. రెండో వాయి పెట్టాడు. మళ్లీ మూత తీసి, చేతిలో మూతతో అలాగే నిలబడ్డాడు. ఆవిరిలో మందులకొట్టు వాసన.

కోత అప్పటికి దాదాపు ముగిసింది. ఆడవాళ్లందరినీ పెరట్లోకి రమ్మన్నాడు. గొంతు పెంచలేదు. ఆకులో కర్పూరం వాసన ఎక్కిందని, ఎవరిదో తెలిస్తే వాళ్లు కోసింది ఎంతో లెక్కకి అందుతుందని, తిట్టడానికి కాదని చెప్పాడు. ఎవరూ ముందుకి రాలేదు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చి వాసన చూసే మనిషి కాదు అతను. అతని భార్య సంచులు తెరవమంది. ఒక్కొక్కరే తెరిచారు. అన్నం ముద్దలు, ఊరగాయ ముల్లంగి, తువ్వాళ్లు. చిహారు సంచిలో ఒక చిన్న గుండ్రటి డబ్బా. చేతుల పగుళ్లకి రాసుకునే లేపనం. ఆవిడ మూత తీసింది. ముందు వరసలో అందరికీ కర్పూరం వాసన వచ్చింది.

చిహారు తెల్లబోయింది. మొన్న పొద్దున బళ్లో రాసుకున్నానని, అది సంచిలో ఉన్నట్టే మరిచిపోయానని, రాత్రి స్నానంలో చేతులు మూడుసార్లు తోమి కడిగానని చెప్పింది. చెబుతూ చేతులు ముందుకి చాచింది. పగుళ్లు కనబడేసరికి మళ్లీ వెనక్కి తీసుకుంది.

నిషిబొరి ఫుసయే వైపు తిరిగాడు. "ఫుసయే గారూ, పొద్దున్నుంచీ పక్క వరసలో ఉన్నది మీరే. మీకేమైనా వాసన తగిలిందా?"

నూలుగుడ్డ కింద పట్టీ అంచు లేచి చర్మానికి గీసుకుంటోంది. ఇరవై రెండు ముఖాలు ఆమెవైపు ఉన్నాయి. అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఒక్క మాట. ఆ మాట అన్నాక తను ఇంటికి ఎలా నడిచి వెళుతుందో ఆమెకి ఊహకి అందలేదు.

"నా ముక్కు ముసలిదైపోయిందయ్యా," అంది. "నేను చెప్పలేను."

అతను అర్థమైనట్టు తలూపాడు. చిన్నదాన్ని బయటపెట్టడం ఇష్టం లేక అలా అందని అతను అనుకున్నాడు. అందరూ అదే అనుకున్నారు.

చిహారుని ఆ మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. మర్యాదగానే పంపారు, చెయ్యి నయం చేసుకోమన్నారు.

ఆకుని పారేయలేదు. ఆవిరి పట్టిన ఆకు ఆగదు. నలుగురు మగవాళ్లు, కింద నిప్పు కనకనలాడే, పైన మందపు కాగితం అతికిన బల్లల ముందు నిలబడి ఎగరేశారు, పొర్లించారు, అరచేతుల మధ్య నలిపారు, సూదుల్లా అయ్యేదాకా రుద్దారు. ఆరు గంటల పని. చివరికి నల్లపచ్చగా, నిగనిగలాడుతూ, నిషిబొరి ఇంట్లో ఎన్నడూ చూడనంత అందమైన గ్యొకురో, అంటే నీడలో పెంచిన ఆకు టీ, వచ్చింది. గోరువెచ్చని నీళ్లలో కొంచెం నానబెట్టి, బొటనవేలంత కప్పులో పోసి నిషిబొరి రుచి చూశాడు. నాలుక మీద చిక్కగా, కమ్మగా పరుచుకుంది. మింగాక గొంతు వెనక చల్లగా తగిలింది. ఇంకెవరికీ రుచి చూపించలేదు. తోట అతని చేతికొచ్చిన ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఆ ఇంటినుంచి పోటీకి టీ వెళ్లలేదు. ఆ తోట ఏడాదికి ఒక్కసారే ఇస్తుంది. మర్నాడు చెట్లు నరికేశారు.

వారం తరవాత ఊరందరూ వెళ్లే స్నానాల గదికి వెళ్లే దారిలో మిత్సుయో ఫుసయేని ఆపింది.

"నీ బుట్టలు మోసింది నేను."

ఫుసయే దారి పక్కకి జరిగింది.

"మూడో బుట్టకే తెలిసింది. నా ముక్కు ఇంకా ముసలిది కాలేదు."

"మరి ఎందుకు పోశావు?"

"పోయకపోతే ఎక్కడ పెట్టను? నెత్తినా?" మిత్సుయో తువ్వాలు భుజం మార్చుకుంది. "నీ బుట్ట పక్కన పెడితే నువ్వు పోతావు. నువ్వు పోతే తరవాత పోయే ముసలిది నేనే. ఆ పిల్లకేం, ముందు ఇంకా ముప్ఫై ఏళ్లు ఉన్నాయి." రెండడుగులు వేసి ఆగింది. "నువ్వు వెళ్లి చెప్పాలనుకుంటే చెప్పు. నా పేరు ఎత్తకు."

ఫుసయే మూడుసార్లు నిషిబొరి వారి గేటు దాకా వెళ్లింది. రెండుసార్లు కుక్క మొరిగితే వెనక్కి వచ్చేసింది. మూడోసారి కుక్క మొరగలేదు. ఆమె అయినా వెనక్కి వచ్చింది.

అక్టోబరులో, రైతుల కూరగాయల దుకాణంలో ముల్లంగులు ఏరుతుంటే ఎవరో పెద్దమ్మా అని పిలిచారు. చిహారు. చేతులకి నూలు తొడుగులు వేసుకుని ఉంది. అక్కడికక్కడే, మట్టి నేల మీద, చేతులు మోకాళ్ల దాకా జార్చి వంగి నమస్కారం చేసింది. ఇన్నాళ్లూ మీ ఇంటికి రావాలనే అనుకున్నాను, ముఖం చెల్లలేదు అంది. నిషిబొరి వారికి మిఠాయి డబ్బా తీసుకెళ్లి క్షమాపణ చెప్పుకున్నానని, వాళ్లు గేటు దగ్గరే పుచ్చుకున్నారని చెప్పింది. కడిగాననే అనుకున్నానని, పగుళ్లలోకి దిగిన మందు కడిగితే పోదని తరవాత తనకే తోచిందని, ఆ డబ్బా పారేశానని చెప్పింది.

"మీ అందరి ఏడాది కష్టం నావల్లే పోయింది. ఆ రోజు మీకు వాసన తెలిసే ఉంటుంది పెద్దమ్మా. మీకు తెలియకపోవడమేంటి? తెలిసి కూడా నా పేరు చెప్పలేదు. అది మాత్రం నేను మర్చిపోను."

ఫుసయే చేతిలో ముల్లంగి ఉంది. దాన్ని బుట్టలో పెట్టింది. అక్కడ ఇంకెవరూ లేరు. దుకాణం ఆవిడ లోపల రేడియో పెట్టుకుని చిక్కుళ్లు ఒలుస్తోంది. కొట్లో పందిరీ లేదు, యజమానీ లేడు, ఇరవై రెండు ముఖాలూ లేవు. ఆ పిల్ల మాత్రమే ఉంది, కళ్లలో నీళ్లతో.

"పోనీలే అమ్మా," అంది ఫుసయే. "అలాంటివి జరుగుతుంటాయి. మనసులో పెట్టుకోకు."

చిహారు మళ్లీ వంగింది. ఫుసయే కూడా బదులుగా వంగింది, మర్యాదకి కావలసిన దానికంటే కిందికి. తిరిగి లేవలేకపోయింది. చిహారు చప్పున వచ్చి చంకల కింద చేతులు వేసి, మెల్లిగా, చాలా మెల్లిగా, నిలబెట్టింది. ముల్లంగుల సంచి తను తీసుకుంది. ఎగువ వీధి దాకా మోసుకొస్తాను, మీరు వట్టి చేతులతో నడవండి పెద్దమ్మా అంది. ఆ పిల్ల ముందు నడిచింది, ఫుసయే వెనక నడిచింది. దారంతా చిహారు ఏదో చెబుతూనే ఉంది. ఫుసయే మధ్యమధ్య ఊఁ అంది.