కరీం సాబ్ తిప్పిన స్విచ్చి

బాన్సువాడ చుట్టుపక్కల మోటారు కాలితే అబ్దుల్ కరీం దగ్గరికే మోసుకొచ్చేవాళ్లు. పాతికేళ్లు వైండింగ్ చేశాడు. చేయి వణకడం మొదలయ్యాక కూతురు రుబీనా ఆ పని మాన్పించి, తన డీటీపీ సెంటర్లో కూర్చోబెట్టింది. “ఆరాం చేయి అబ్బా” అనేది. ఆరాం ఆయన ఒంటికి పడదు. ఫ్యాను తుడిచేవాడు, మా స్కూలు ప్రశ్నపత్రాలు టైపు చేయించడానికి వెళ్లే నన్ను మోటార్ల కబుర్లతో చంపేవాడు. ఈ షాపు కూడా వద్దంటే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాల్సి వస్తుందని మాత్రం లోలోపల భయం. నాతో చాలాసార్లు అన్నాడు.

రుబీనా కంప్యూటరు నిజామాబాద్‌లో నర్సింలు అనే ఆయన దగ్గర కొన్న పాతది. 2002 యాసంగిలో పొలాల మోటార్లన్నీ ఒక్కసారే అందుకుంటే వోల్టేజీ పడిపోయి ఊళ్లో ట్యూబులైట్లు బతిమాలించుకునేవి. ఓ మధ్యాహ్నం రుబీనా అన్నానికి వెళ్లింది. కంప్యూటరు ఆగుతూ, మళ్లీ మొదలవుతూ విసిగిస్తోంది. కరీం సాబ్ దాని వెనక్కి వంగి ఏదో చేశాడు.

“ఇగ చూడు సార్.”

కుదురుగా నడిచింది. శభాష్ అన్నాను. నాకేం తెలుసు, నా మొహం!

రుబీనా తిరిగొచ్చి టైపు చేస్తుండగా పొలాల కరెంటు ఆగింది. ట్యూబులైటు ధగధగలాడింది. మరుక్షణం కంప్యూటరు డబ్బాలో ఢామ్మంది. పొగ, కాలిన వాసన.

“నర్సింలు సాబ్ కుళ్లిన మాల్ అంటగట్టిండు. ఇయ్యాల ఆయన సంగతి చెప్త” అని రుబీనా ఫోనందుకుంది. మంచి కోపిష్టి. నంబరు సగం నొక్కిందో లేదో, కరీం సాబ్ చేయి అడ్డం పెట్టాడు.

“ఆయన్ని అనకు బేటా. స్విచ్చి నేను తిప్పిన.”

డబ్బా వెనక ఎర్ర స్విచ్చి ఉంది. ఒకవైపు 230, ఇంకోవైపు 115. వోల్టేజీ తగ్గితే టీవీ స్టెబిలైజరు నాబు తిప్పడం మాకందరికీ అలవాటే. ఇదీ అలాంటిదే అనుకున్నాడాయన. 115 వైపు ఉండగా నిండు కరెంటు వచ్చేసరికి లోపల పేలింది.

“ఎందుకు ముట్టినవ్ అబ్బా?”

“ఉత్తగ కూసొని కూసొని పానం ఉంటలేదు. నాకొచ్చిన పని గదొక్కటే బేటా.”

టోపీ పెట్టుకుని మెట్లు దిగబోయాడు. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నాకు ఆయన మీద జాలీ గౌరవమూ ఒక్కసారే కలిగాయి.

“ఎటు పోతున్నవ్? దీన్ని ఎవరు విప్పుతరు?” అంది రుబీనా.

పక్కన టీవీలు బాగుచేసే జీషాన్ కంప్యూటరనగానే నా వల్ల కాదని దూరం నుంచే సలాం కొట్టాడు గానీ, కావలసిన పనిముట్లూ సామానూ ఇచ్చాడు. కరీం సాబ్ ప్లగ్గు పీకి పవర్ సప్లై డబ్బా విప్పాడు. రెండు కెపాసిటర్లు పగిలాయి, ఫ్యూజు నల్లబడింది. మిగతావాటికి మీటరు పెట్టి చూస్తే, అదృష్టం, అన్నీ బాగున్నాయి. కొత్తవి అతికేటప్పుడు చేయి వణికింది. రుబీనా ఆయన మణికట్టు పట్టుకుంది.

స్విచ్చి 230కి తిప్పి, మోటార్లకు చేసినట్టే మధ్యలో ఒక బల్బు కలిపి కరెంటిచ్చాడు. బల్బు వెలుగుతూనే ఉంటే లోపల షార్టున్నట్టు. భగ్గున వెలిగింది. మెల్లగా తగ్గి, ఎర్రటి తీగె మాత్రం మిగిలింది. డబ్బాలో ఫ్యాను తిరిగింది.

“రేపటి సంది నీ రిపేరు సామానంతా ఈడికే తెచ్చుకో అబ్బా.”

“రేపెందుకు? ఇప్పుడే తెస్త” అంటూ చెప్పులు మరిచిపోయి బజార్లోకి ఉరికాడు కరీం సాబ్.